పాదరసం, కిటికీ

సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్ళిపోయాక పళ్ళ డాక్టరు తన భర్తను కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లోకి లైటు వంచింది.

“ఆ వెండి ఫిల్లింగు తీసెయ్. అందులో పాదరసం ఉందట.”

“పెట్టింది నేనేగా, నాకు తెలీదా? నమిలితే వచ్చే ఆవిరి ఏపాటిది? తవ్వి తీస్తేనే ఎక్కువొస్తుంది. రాయిలా ఉంది, దాని జోలికి పోను.”

“సరే, వద్దులే.”

“అంత తేలిగ్గా ఒప్పుకున్నారేంటి? మీ బెంగ పన్ను గురించి కాదు కదా?”

“నాకుంది ఒక్క పన్నులోనే. నువ్వు ఇన్నేళ్ళు రోజూ ఆ పాదరసాన్ని చేత్తో కలిపావు. ఆ మాట అడగడానికే నోరు రాలేదు.”

“ఒంట్లో పాదరసం చేరిందేమోనని ఏటా పరీక్ష చేయించుకున్నాను, ఎప్పుడూ బాగానే వచ్చింది. ఆవిరి బయటికి పోవాలనేగా ఆ కిటికీ తెరిచి ఉంచేదాన్ని.”

“ఇక్కడికి వచ్చినప్పుడల్లా చలేస్తోందని నేను మూసేసేవాణ్ణి.”

“మీరు అటు వెళ్ళగానే తెరిచేదాన్ని.”

“ఒక్కసారైనా చెప్పలేదేం?”

“చెబితే ఈ పనే మానెయ్యమనేవారు.”

“అనేవాణ్ణే.”

“ఇప్పుడు పాదరసం వాడట్లేదులెండి. అందుకే మూసి ఉంచుతున్నా.”

ఆయన లేచి వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాడు.

“మీకు చలేస్తుందండీ.”

“వెయ్యనీ.”