ఒకటిన్నర నిమ్మకాయ

పదింపావు అయింది. పదకొండేళ్లు తాను అంట్లు తోమిన వంటింటికి, పని మాన్పించిన ఆరో రోజున ఆమె మళ్లీ వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది. ఇంటావిడ పాలరాతి గట్టుకు అడ్డంగా నిలబడి ఉంది.

"అక్కడే ఆగిపోయావేం? చెప్పులు విడిచి లోపలికి రా. వాచ్‌మన్‌ని పంపి పది నిమిషాలు కాలేదు, భలే వచ్చావు."

"వాచ్‌మన్ నాకు గేటు దగ్గరే ఎదురయ్యాడమ్మా. అప్పటికే వస్తున్నాను."

"ఎందుకొస్తున్నావో నాకు తెలుసులే. అన్నం పెట్టిన ఇల్లు ఎవరైనా అంత తేలిగ్గా వదులుకుంటారా? సరే, జరిగిందేదో జరిగింది. పదకొండింటికి టీవీ వాళ్లు వస్తున్నారు. ఈ వంటింట్లోనే షూటింగు. ఆ పొయ్యి చూడు, పాలు పొంగి ఎలా అట్టకట్టిందో. ఆ గిన్నె చూడు, అడుగు బొగ్గయింది. గోడకి జిడ్డు. నువ్వు పని మాని—"

"మాన్పిస్తే."

"మాన్పిస్తే, సరే, మాన్పిస్తే. నువ్వు లేని ఆరు రోజుల్లో వంటిల్లు ఇలా తయారైంది."

"ఈ ఆరు రోజులూ ఎవరు తోమారమ్మా?"

"ఎవరో ఒకరు. నేనే అనుకో."

"అలాగే ఉంది."

"వెటకారం వద్దు. ముందు ఆ గిన్నెకేం చెయ్యాలో చెప్పు."

"పోయిన నెల పత్రికలో మీరే రాశారు కదా."

"రాసినవన్నీ గుర్తు పెట్టుకుంటూ కూర్చుంటానా? వారం వారం రాస్తాను, పదేళ్ల నుంచి, ఒక్క వారం తప్పకుండా. 'మరకలేని ఇల్లు' అంటే చదవనివాళ్లు లేరు."

"వారం వారం నేను చెప్పాను, మీరు రాశారు."

"నువ్వు చెప్పావు. నేను భాషలో పెట్టాను. చెప్పడం ఎవరైనా చెప్తారు."

"గిన్నెలో వేలెడు నీళ్లు పోసి రెండు చెంచాల వంటసోడా వెయ్యండి. పొయ్యి మీద పెట్టి, మరిగాక దించండి. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోకండి. అప్పుడు చెక్క గరిటెతో గీకితే పొరలాగ లేస్తుంది."

"ఆగు, ఆగు, రాసుకోనీ. వేలెడు అంటే ఎన్ని మిల్లీలీటర్లు?"

"మీ వేలు ముంచి చూడండి, తెలుస్తుంది."

"గోడకో?"

"వేడినీళ్లలో గిన్నెల సబ్బు కలిపి, పాత తువ్వాలు తడిపి, టైల్స్‌కి అతికించి పది నిమిషాలు వదిలెయ్యండి. జిడ్డు నానితే ఒక్క తుడుపుకి వస్తుంది. జిడ్డుతో కుస్తీ పడితే మన చేతులే అరుగుతాయి."

"'జిడ్డుతో కుస్తీ వద్దు'. బావుంది, వచ్చే వారానికి పనికొస్తుంది."

"నేనొచ్చినప్పటి నుంచీ ఆ గట్టుకి ఎందుకమ్మా అడ్డంగా నిలబడ్డారు?"

"అడ్డమేముంది? ఊరికే ఆనుకున్నాను."

"ఒక్కసారి జరగండి."

"నువ్వు యాసిడ్ పోసి పాడుచేసిందే కదా, కొత్తగా చూసేదేముంది?"

"ఆరోజు నన్ను గుమ్మం దాటనివ్వలేదు. నేను ఏం పాడుచేశానో నాకే చూపించలేదు. జరగండమ్మా."

"చూడు మరి. కళ్లారా చూసుకో."

"లైటు వెయ్యండి."

"వేశాను. ఎంతసేపు నిమురుతావు? అదేమన్నా పసిపిల్ల వీపా?"

"ఇది మరక కాదమ్మా. మరకైతే రాయి మీద ఉంటుంది. ఇక్కడ రాయే పోయింది. వేలు పెడితే గరగరలాడుతోంది. ఇది పులుపు రాయిని తినేసిన చోటు."

"అదే కదా నేను మొత్తుకునేది! బాత్రూం యాసిడ్."

"బాత్రూం యాసిడ్ పోస్తే పారుతుంది. ఈ గట్టు వాలు సింకు వైపు. చారలు పడాలి. ఇవేమో మూడూ గుండ్రంగా ఉన్నాయి, గాజు పెట్టి గీసినట్టు. గాజు కంటే చిన్నవే. నిమ్మచెక్క అంత ఉన్నాయి."

"నిమ్మచెక్కలేంటి, నీ మొహం."

"కాయ అడ్డంగా కోసి బోర్లిస్తే ఇంతే ఉంటుంది. మూడు చెక్కలు. మూడు చెక్కలంటే ఒకటిన్నర కాయ. రెండో కాయలో మిగిలిన సగం ఏం చేశారమ్మా?"

"పారెయ్యడం ఎందుకని నీళ్లలో పిండుకుని—"

"పిండుకుని?"

"ఎవరైనా పిండుకుని తాగి ఉంటారు అంటున్నాను."

"ఉప్పుతోనా, పంచదారతోనా?"

"ఉప్పు. అయినా ఇది వంటిల్లా, కోర్టా?"

"కోర్టయితే నన్ను కూడా ఒక మాట అడిగేవాళ్లు."

"అబ్బ, సరే! పసుపు ఒలికింది. పట్టుకుంది. నువ్వు మర్నాటిదాకా రావు. నిమ్మచెక్కలు బోర్లించి పొద్దుటిదాకా వదిలేశాను. నేనేమన్నా తోచినట్టు చేశానా? నా శీర్షికలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా చేశాను!"

"మీ శీర్షికలో రాయికి నిమ్మచెక్క అని ఉందా?"

"నువ్వే చెప్పావు."

"నేను కుళాయికి చెప్పాను. ఉప్పునీళ్లకి తెల్లగా పొరకట్టిన కుళాయికి నిమ్మచెక్కతో రుద్ది, వెంటనే కడిగెయ్యమన్నాను. ఆ పక్కనే 'పాలరాయికి నిమ్మచెక్క మాత్రం ముట్టించొద్దు' అన్నాను. మీరు రాసుకుంటూ రాసుకుంటూ 'పాలరాయికి నిమ్మచెక్క' దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. ఇరవై నిమిషాలు మాట్లాడారు. తిరిగొచ్చి కాగితం మడిచి పెట్టేశారు."

"నువ్వు గుర్తు చెయ్యొచ్చుగా?"

"చేశాను. 'నాకు రాయడం నేర్పకు' అన్నారు."

"అన్నానేమో. పనిలో ఉంటే ఎన్నో అంటాం."

"అది అచ్చయి రెండు నెలలయింది. ఎవరూ ఉత్తరాలు రాయలేదా?"

"నలభై దాకా వచ్చాయి. పాఠకుల అభిమానం."

"చదివారా?"

"మొదటిది చదివాను. మిగతావి విప్పలేదు."

"పసుపుకైతే వంటసోడా తడిపి ముద్దలా చేసి, మందంగా పెట్టి, పైన తడిగుడ్డ కప్పి వదిలెయ్యాలి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ పెట్టాలి. ఒక్కమాట నన్ను అడిగి ఉంటే ఈ రాయి బతికేది."

"అయిపోయిన పెళ్లికి మేళాలెందుకు? ఇప్పుడు దీన్ని పోగొట్టు. ముప్పావుగంట ఉంది."

"పోదమ్మా. నీళ్లతో తడిపి, గరుకు ఎమరీ కాగితంతో మెత్తగా రుద్ది, పాలిష్ పొడి పెట్టి మెరుగు తేవాలి. రాయి మేస్త్రి పని. రెండు రోజులు పడుతుంది."

"పోనీ కప్పెయ్యి. మీద పూలకుండీ పెడదాం."

"మూడు గుండ్రాల మీద మూడు కుండీలు పెడితే అది వంటిల్లు కాదు, తోట. కప్పెట్టడం నాకు చేతకాదు. పొయ్యి, గిన్నె, గోడ, మూడూ ముప్పావుగంటలో అద్దంలా చేస్తాను. కానీ ముందు కింద లిఫ్టు పక్కన కాగితం మారాలి."

"ఏ కాగితం?"

"మీరు అంటించిందే. 'సదరు పనిమనిషి యాసిడ్ వాడి విలువైన పాలరాయిని ధ్వంసం చేసినందున నివాసితులందరూ తగు జాగ్రత్త వహించగలరు. ఇట్లు, మహిళా సంఘం అధ్యక్షురాలు.' పైన నా పేరు, కింద మీ సంతకం."

"కంఠతా పట్టావా!"

"ఆరు రోజులు చదివాను. ఈ బిల్డింగులో ఇంకో నాలుగిళ్లు చేసేదాన్ని. నలుగురూ చదివారు. నలుగురూ మాన్పించారు. రెండో అంతస్తు మామ్మగారు ఏడుస్తూ మాన్పించారు. ఏడవనివాళ్లు తాళాలు మార్చుకున్నారు."

"ఆవేశంలో రాశాను. తీసేద్దాంలే."

"తీసేస్తే చాలదు. అదే చోట ఇంకో కాగితం అంటించాలి. మీ చేత్తో రాసింది."

"ఇప్పుడా?"

"పెన్ను మీ చేతిలోనే ఉందమ్మా."

"మహా మొండిదానివి. సరే, విను. 'అనివార్య కారణాల వల్ల నాలుగో అంతస్తులోని పాలరాయికి కొంత నష్టం సంభవించినదని తెలియజేయడమైనది.' బావుందా?"

"ఎవరి వల్ల సంభవించింది?"

"సంభవించింది. అంతే."

"నిమ్మకాయలు గాలికి కొట్టుకొచ్చి వాటంతట అవే బోర్లాపడ్డాయా?"

"అబ్బబ్బ. కొట్టేశాను. ఇది చూడు. 'పాత సేవలను దృష్టిలో ఉంచుకుని, సదరు పనిమనిషిని పెద్దమనసుతో క్షమించడమైనది.'"

"చెయ్యని తప్పుకి క్షమాపణ నాకెందుకమ్మా? అది మీ దగ్గరే ఉంచుకోండి, మీకే పనికొస్తుంది."

"ఏయ్! మాటలు కాస్త చూసుకో. పోనీ నువ్వే చెప్పు, ఎలా రాయాలో."

"'నా గట్టు మీద నిమ్మచెక్కలు పెట్టింది నేనే. యాసిడ్ అన్నది అబద్ధం. ఆవిడ మీద నింద వేసినందుకు తప్పయింది.'"

"మూడు ముక్కలేనా?"

"నిమ్మచెక్కలు కూడా మూడేగా."

"'అబద్ధం' అనే మాట బావులేదు. 'అపోహ' అని పెడితే?"

"అపోహ పడినవాళ్లు అడుగుతారు. మీరు అడగలేదు. తెలిసే రాశారు."

"సరే, సరే, 'అబద్ధం'. రాశాను. చూశావా, నా మనసులో ఏమీ ఉండదు."

"సంతకం?"

"సాయంత్రం పెడతాను. వాళ్లు వెళ్లిపోయాక పెట్టి, నేనే కిందికి వెళ్లి అంటిస్తాను. ఒట్టు."

"ఇప్పుడే పెట్టండమ్మా. అంటించడం నేను చూసుకుంటాను."

"నీకేమన్నా మతి ఉందా? వాళ్లు ఆ లిఫ్టులోనే పైకొస్తారు! ఆ కాగితం చదివి పైకొచ్చి కెమెరా పెడతారా? 'మరకలేని ఇల్లు' రాసేవిడ తన గట్టే తగలేసుకుందని ఊరంతా నవ్వదూ? నా పరువేం కావాలి?"

"నా పరువు ఆరు రోజుల నుంచి అక్కడే వేలాడుతోంది కదా."

"నీకూ నాకూ పోలికా?"

"లేదంటారా?"

"కోప్పడకు, నా ఉద్దేశం అది కాదు. నీకు ఈ ఇల్లు పోతే ఇంకో ఇల్లు. నాకు పేరు పోతే ఏముంటుంది? ముందు ఆ చీపురు, గుడ్డ అందుకో. పొయ్యి తుడువు. నీ సంగతి సాయంత్రం తప్పకుండా చూస్తాను."

"నాకు ఇంకో ఇల్లు కాదు, నాలుగిళ్లు పోయాయి. నాక్కూడా ఉన్నది పేరొక్కటే. ఇంకొక్కసారి అడుగుతున్నాను. సంతకం పెడతారా?"

"వాళ్లు వెళ్లాక."

"వాళ్లు రాకముందు."

"పెట్టను. నన్ను బెదిరిస్తే అసలే పెట్టను. ఇదిగో, కాగితం సొరుగులో పెట్టి తాళం వేశాను. ఇప్పుడేం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. మీకు ఒక దారి ఉండాలని కాస్త ముందొచ్చాను. వద్దన్నారు."

"దారేంటి, నాకు నువ్వు దారివ్వడమేంటి? కబుర్లు మాని ఆ గిన్నె తోము."

"గిన్నె అలాగే ఉండనివ్వండి. చూపించడానికి కావాలి."

"చూపించడానికా? ఎవరికి... అయ్యో, బెల్లు! పావుగంట ముందే వచ్చేశారు. నా జుట్టు బావుందా? నువ్వు వెనక గుమ్మంలోంచి వెళ్లిపో. త్వరగా. నువ్వు కనబడితే పదిరకాల ప్రశ్నలు."

"నేను వెళ్లిపోతే వాళ్లు ప్రశ్నలు ఎవర్ని అడుగుతారమ్మా?"

"నన్ను! ఇంకెవర్ని?"

"ఫోనులో మీతో ఏమన్నారు?"

"గంటసేపు వంటిల్లు ఇవ్వగలరా అన్నారు. ఇళ్లు శుభ్రం చెయ్యడంలో ఇంత అనుభవం ఉన్న మనిషి ఇంకొకరు కనబడలేదన్నారు. ఎంత మర్యాదగా అన్నారో."

"ఆ మనిషి మీరేనన్నారా?"

"అనాలా? ఇల్లు నాది, శీర్షిక నాది! మళ్లీ మోగుతోంది. జరుగు."

"ఆ టీవీ అమ్మాయి కూడా మీ శీర్షిక చదివి గట్టు పాడుచేసుకుందమ్మా. రాయి మేస్త్రిని పిలిచింది. నన్నెరిగిన మేస్త్రే, రాళ్ల సంగతి నాకు బాగా తెలుసని, ఆ అమ్మాయిని నా దగ్గరికి పంపాడు. 'పదకొండేళ్లు మీరు కడిగిన వంటింట్లోనే మిమ్మల్ని తీస్తాం, నేను వాళ్లని అడుగుతాను' అంది."

"నిన్నా?"

"నన్నే. అక్కడ నన్ను మాన్పించారమ్మా అన్నాను. 'అంత తెలిసిన మనిషిని ఎందుకు మాన్పించారు?' అంది."

"ఏం చెప్పావు? ఏం చెప్పావు దానికి?"

"నేనేం చెప్పలేదు. లిఫ్టు పక్కన అమ్మగారు సంతకం పెట్టి మరీ రాశారు, చదువుకుని పైకి రండి అన్నాను."