చెట్టు దగ్గరే ఉన్నాం

మిషిగన్ పైకొసన మా దీవికి చలికాలం పడవలు ఆగిపోతాయి, గడ్డకట్టిన సరస్సు మీదే అవతలి ఒడ్డున ఉన్న ఊళ్ళోకి వెళ్ళి రావాలి. వెర్నా, ఆమె ఆడబిడ్డ డెల్ఫీన్ సరుకులు వేసుకుని మంచుబండి మీద తిరిగొస్తున్నారు. సగం దారిలో మంచు తుపాను కమ్మేసింది.

"ఎందుకాపావే? ఇల్లొచ్చేసిందా?"

"ఇల్లెక్కడ వదినా. ముందు ఏముందో కనపడితేగా. ఫోను చూసుకోవాలి, ఉండు."

"చూసుకో, చూసుకో. గుడ్లు ఒళ్ళో పెట్టుకుంటే గడ్డకట్టవని మీ అన్న చెప్పాడు. గుడ్లు బాగానే ఉన్నాయి, నేనే గడ్డకట్టేలా ఉన్నాను."

"లేదు."

"ఏం లేదు?"

"గీత లేదు వదినా. మనం వెళ్ళొచ్చిన దారంతా ఎర్రగా గీసి ఉంచేది చూడు, పక్కకి జరిగితే కుయ్‌మని అరిచేది. ఆ గీత."

"అరవలేదంటే దారిలోనే ఉన్నామనేగా."

"అరవడమే తీసేశారు."

"ఎవరు?"

"దాన్ని తయారుచేసినవాళ్ళు. రాత్రి నేను నిద్రపోతుంటే అప్‌డేట్ అయిపోయింది. ఇప్పుడు చూడు, ఉత్త పటం, మీద ఓ నీలం చుక్క. ఆ చుక్క మనం. దారి లేదు, అరుపు లేదు."

"ఎక్కడో దాచుంటారు. కిందకి లాగు."

"లాగాను."

"పక్కకి లాగు."

"అన్ని పక్కలకీ లాగాను వదినా. కొట్లో నువ్వు బంగాళదుంపలు ఏరుతున్నంతసేపూ అదే పని. వాళ్ళకి రాశాను కూడా. చిటికెలో జవాబొచ్చింది."

"ఏమని?"

"ఎక్కువమంది వాడటం లేదట, తెర శుభ్రంగా ఉండాలని తీసేశారట. రాసినందుకు సంతోషమని చివర ఓ పువ్వు బొమ్మ."

"మన దీవంతా అదే వాడుతోంది కదే."

"వాళ్ళ లెక్కలో మన దీవెంత వదినా."

"ఉండుండు. కొట్లోనే తెలుసన్నమాట నీకు."

"అప్పుడు ఎండ కాస్తోంది. పొద్దున దారి గుర్తుకి పాతిన చెట్లు చూసుకుంటూ వచ్చాంగా, అలాగే పోదాం అనుకున్నా."

"నాకు చెప్పొద్దూ."

"చెప్తే నువ్వు రానంటావు. రాత్రికి మీ పిన్ని ఇంట్లో పడుకుందామంటావు. ఆవిడ గురక నేను భరించలేను."

"గురకకి భయపడి నన్ను నడిసరస్సులో నిలబెట్టావు. బాగుంది. ఎడమకి జరిగామంటావా?"

"ఆ మాటెత్తకు."

"ఎడమ పక్కన అడుగున ప్రవాహం ఉంది, అక్కడ మంచుగడ్డ పలచన..."

"ఎత్తకన్నానా."

"ఆంబ్రోస్ కూడా ఇలాంటి మంచులోనే ఎడమకి పోయాడు. ఏప్రిల్లో గడ్డ కరిగాక టోపీ ఒక్కటే దొరికింది."

"వదినా, నీకు దణ్ణం పెడతాను. ఇంకో కథ చెప్పు, అది తప్ప."

"ఇంకేం చెప్పను. మీ అమ్మ ఉన్నప్పుడు ఫోనులేమైనా ఉన్నాయా? పండగ అయిన మర్నాడే ఇంటింటివాళ్ళూ తమ క్రిస్మస్ చెట్టు లాక్కొచ్చి గడ్డలో పాతేవాళ్ళు. ఒక చెట్టు పట్టుకుంటే రెండోది కనపడేది. మీ అమ్మ పేర్లు చెప్పుకుంటూ పోయేది, ఇది పోస్టాఫీసు వాళ్ళ చెట్టు, ఇది ఫాదరుగారి చెట్టు అని. ఇప్పుడు ఫోనుంది కదా అని సగంమంది చెట్లు పొయ్యిలో పెట్టుకున్నారు. మీ అన్నొక్కడే అరిచాడు, పాతండర్రా, పాతండర్రా అని. ముసలాడి చాదస్తం అని నవ్వారు."

"నేనూ నవ్వాను."

"తెలుసు. ఎదురుగానే ఉన్నాగా."

"నెమ్మదిగా కదుపుతా. నువ్వు అటు చూడు, నేను ఇటు చూస్తా. చెట్టు కనపడితే వీపు మీద కొట్టు."

"సరే, పద. నెమ్మది. నెమ్మదే పిల్లా. ఇంకా నెమ్మది... ఆపు. ఆపు ఆపు."

"అబ్బ, అంత గట్టిగానా. ఏమిటి?"

"నల్లగా, అదిగో. చెట్టు. చెట్టేనే. మన చెట్టు."

"మనదేనా?"

"ఎర్ర రిబ్బను కనపడటం లేదూ? విప్పుతానంటే మీ అన్న ఉండనీ అన్నాడు, దూరానికి తెలుస్తుందని. అమ్మయ్య. నా తల్లే. దాని పక్కకి పోనీ."

"చుట్టూ మెత్తటి మంచు కుప్ప పడింది, బండి దిగబడుతుంది. నాలుగడుగులే కదా, ఇక్కడే ఆగుదాం. ఇంజను ఆపేస్తున్నా."

"ఆ ఫోనిటు తే. మీ అన్నకి చేస్తా... ఆ, నేనే. బాగానే ఉన్నాం, కంగారుపడకు. మంచు పట్టుకుంది. చెట్టు దగ్గరే ఉన్నాం. మన చెట్టే, రిబ్బను చెట్టు. ఆ. ఆ. కదలం. అబ్బ, కదలమన్నానా, నీ చెల్లెలి మీద ఒట్టు. దీపం తెచ్చుకో. మఫ్లరు చుట్టుకో. గుడ్లు పగల్లేదులే... బయల్దేరుతున్నాడు. ఎక్కడికీ పోవద్దు, చెట్టు దగ్గరే ఉండండి అన్నాడు."

"వదినా, ఏమిటా చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"తుపాకి పేలినట్టు. కింద నుంచి కాళ్ళలోకి వచ్చింది."

"గడ్డ మూలుగుతుందే. చలి ముదిరి గట్టిపడేటప్పుడు అలాగే మూలుగుతుంది. పుట్టినప్పట్నుంచీ వింటున్నావుగా."

"ఇంత దగ్గర్లో ఎప్పుడూ వినలేదు."

"భయంలో అన్నీ దగ్గరగానే వినపడతాయి. ఇలా నాకు ఆనుకుని కూర్చో. గుడ్లు జాగ్రత్త."

"చెట్టు కనపడటం లేదు."

"మంచు కమ్మింది. చెట్టెక్కడికి పోతుంది?"

"ఇందాకటి దాకా గాలి మొహానికి కొట్టింది. ఇప్పుడు వీపుకి కొడుతోంది."

"గాలి తిరిగింది. తిరగదా ఏం?"

"వదినా, ఇది చూడు. చుక్క కదులుతోంది."

"ఇంజను ఆపావుగా."

"ఆపాను. తాళం చెవి ఇదిగో, నా చేతిలో ఉంది."

"మరెందుకు కదుల్తుంది?"

"కొత్త తెలివి. నిలబడ్డ మనిషిని నడిపిస్తోంది. ఉన్న మంచి గీత తీసేసి ఈ భాగోతం పెట్టారు."

"ఏ పక్కకి పోతోంది?"

"పెద్ద సరస్సు వైపు, గడ్డకట్టని లోతు నీళ్ళ వైపు. ఇల్లు దూరమవుతోందని చూపిస్తోంది. చూడు, ఇంకా దూరం. వదినా, పోనీ బండి తీసి, దీవి ఏ పక్కనుందంటుందో ఆ పక్కకే..."

"కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా. మీ అన్న ఏమన్నాడు?"

"చెట్టు దగ్గరే ఉండమన్నాడు."

"ఉన్నాం. ఆ ఫోను జేబులో పెట్టు."

"చుక్క ఇంకా జరిగింది."

"జేబులో పెట్టవే. నిన్నటిదాకా దాన్ని చూసి మురిసిపోయావు, ఇవాళ దాన్ని చూసి వణుకుతున్నావు."

"నిన్నటిదాకా అది నా దారి గుర్తుపెట్టుకునేది వదినా. ఇన్నేళ్ళు చేతిలో పెట్టుకు తిరిగాను. ఇవాళ నేనెవరో తెలీనట్టు చూస్తోంది. ఇంక అదేం చెప్పినా నమ్మబుద్ధి కావడం లేదు."

"నమ్మకు. నన్ను నమ్ము. నేను ఏ అప్‌డేటూ అవలేదు."

"అది నిజమే. పెళ్ళికి కుట్టించిన కోటే ఇప్పటికీ వేసుకుంటావు."

"నవ్వావు. అదీ. నవ్వుతూ ఉండు. మంచు పలచబడుతోంది చూడు."

"కాస్త తగ్గింది, అవును."

"అదుగో. అదుగో దీపం. మీ అన్నే. చెప్పానా, చెప్పానా వస్తాడని. ఇటు. ఇటయ్యా, ఇక్కడ."

"వినపడదులే, గాలి మన వైపు లేదు. చెట్టు దగ్గరికి వచ్చేశాడు. చెట్టు పక్కనే ఆగాడు."

"ఆగాడేం? ఇటు రాకుండా."

"చేతులూపుతున్నాడు."

"రమ్మంటున్నాడేమో."

"కాదు వదినా. అరచేతులు ఇటు పెట్టి ఊపుతున్నాడు. వద్దంటున్నాడు."

"ఏం వద్దు? మీ వంశమంతా ఇంతే, సగం మాట చేతుల్తో చెప్తారు. ఆయనకీ మనకీ మధ్యన ఆ నల్లటి చారేమిటి? ఇందాక లేదే."

"నీళ్ళు వదినా."

"నీళ్ళేమిటే? మీ అన్నకి మతిపోయిందా, చెట్టు పీక్కుని వెనక్కి పోతున్నాడేమిటి?"

"చెట్టు ఉన్నచోటే ఉంది వదినా."