మూసే రోజు సంతకం

మే నెల చివరి వారం, ఉదయం. ఫుర్నాల్ కనుమ నెత్తిన, రాతి గుడిసె ముందు, రెండు మంచుబండ్లు దారి తవ్వుకుంటూ ఎదురెదురుగా వచ్చి ఆగాయి. ఉత్తరం వైపు దారి చూసుకునే గౌడెంజ్‌కి అరవై రెండేళ్ళు, దక్షిణం వైపు దారి చూసుకునే ఎర్మెతెకి నలభై. చలికాలమంతా మంచు వల్ల మూసి ఉంచే దారిని ఏటా తెరిచే రోజున ఇద్దరూ ఇక్కడ కావలించుకుంటారు. ఈసారి గుడిసె గోడ దగ్గర మంచులోంచి బయటపడ్డదాన్ని చూసి, ఎవరి బండి పక్కన వాళ్ళు నిలబడిపోయారు.

"ముందా ఇంజన్ ఆపు బాబాయ్. ఆపి ఇటు రా."

"ఇక్కణ్ణించి కనిపిస్తూనే ఉందిగా. ఏదో ఇనప కడ్డీ. రోడ్డు పక్కన పాతిన గుర్తు కర్ర అయ్యుంటుంది."

"గుర్తు కర్రకి హారన్ ఉంటుందా?"

"హారనా?"

"రబ్బరు బుడ్డి హారన్. నొక్కమంటావా?"

"వద్దు. ముట్టుకోకు దాన్ని."

"బాల్ట్సర్ గారి సైకిలు బాబాయ్. చలికాలం ముందు ఆయనతో పాటే కనపడకుండా పోయిందే, అదే."

"సైకిళ్ళన్నీ ఒకేలా ఉంటాయి ఎర్మెతె."

"ముప్పై ఏళ్ళు ఈ కనుమ మీద పోస్టు బస్సు నడిపి, దిగిపోయాక కూడా ఆ కూత లేందే తోచదని సైకిలుకి హారన్ బిగించుకున్న మనిషి ఈ రెండు లోయల్లో ఇంకెవరున్నారు? నువ్వే చెప్పు."

"ఇక్కడ పారేసి పోయాడేమో."

"పారెయ్యలేదు. గోడకి జాగ్రత్తగా ఆనించాడు. గొలుసు తెగింది చూడు. తెగిన ముక్కని గుడ్డలో చుట్టి సీటు కింద కట్టుకున్నాడు. అంటే పైదాకా వచ్చాడు. వచ్చి, ఇక్కడే ఆగాడు."

"ఏ రోజు వచ్చాడో మనకేం తెలుసు?"

"మూసే రోజే. ఏటా దారి మూసే రోజునే కదా వచ్చేది. ముప్పై ఏళ్ళూ మలుపులు చూస్తూ నడిపాను, కొండని చూడనే లేదు, ఇప్పుడు తీరిగ్గా చూసుకుంటా అనేవాడు. నీతో అనలేదా?"

"అన్నాడు."

"మరి?"

"ఎర్మెతె, నా మాట విను. కింద గేటు ఇంకా తియ్యలేదు. పైన ఉన్నది మనిద్దరమే. నా బండి కాస్త ఇటు తిప్పితే, ఆ మంచుగట్టుతో పాటు ఆ సైకిలూ లోయలో పడుతుంది. ఎండలు ముదిరాక ఎవరికైనా దొరికినా, మంచే తోసుకుపోయిందనుకుంటారు."

"బాబాయ్."

"అలా చూడకు. తోస్తానన్నానా? తోస్తే అన్నా. అక్టోబర్లో నా ఉద్యోగం అయిపోతుంది. నలభై ఏళ్ళు దారి కాశాడని ఊరివాళ్ళు పిలిచి గడియారం ఇస్తామంటున్నారు. ఆ రోజు అందరి ముందూ ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

"మూసే రోజు నువ్వు పైకొచ్చావా?"

"అదేం ప్రశ్న?"

"వచ్చావా, రాలేదా?"

"ఫోన్లో చెప్పాగా. గుడిసె ముందు నిలబడ్డా అని."

"నేనేం చెప్పాను?"

"నువ్వూ అదే చెప్పావు."

"అవును. నేనూ గుడిసె ముందే నిలబడ్డా అన్నా. ఈ గుడిసెకి తలుపు ఒక్కటే బాబాయ్."

"మంచుపొగ దట్టంగా ఉంది, ఒకళ్ళకొకళ్ళం కనపడలేదు అనుకున్నాం కదా."

"చెయ్యి చాపితే తగిలే చోట? ఫోన్లో నీ వెనకాల పేకముక్కలు కలుపుతున్న చప్పుడు వినిపించింది నాకు."

"నీ వెనకాల మీ పిల్లకి పుట్టినరోజు పాట పాడుతున్నారు. నాకు వినపళ్ళేదనుకున్నావా?"

"విని ఊరుకున్నావా?"

"నువ్వు ఊరుకున్నావుగా. సరే, దిగుతున్నా అన్నావు. నేనూ దిగుతున్నా అన్నా. ఇద్దరం ఎక్కకుండానే దిగాం."

"మా నాన్న ఇదే పని చేస్తూ, ఒక ఏడాది తుఫానులో బండి ఆగిపోతే, నడిచొచ్చి సంతకం పెట్టి వెళ్ళాడు. దారిలో ఎవరూ లేరని రెండు వైపుల్నించీ కళ్ళారా చూడాలి, ఇక్కడ కలవాలి, చెరో గుక్కెడు తాగి, గుడిసెలో పుస్తకంలో పేర్లు రాసి దిగాలి. ఆ తర్వాతే గేటు. నువ్వే కదా నాకు నేర్పింది."

"నా మోకాలు నెప్పిరా. అంత చలిలో..."

"నీ మోకాలు పేకబల్ల దగ్గర నొప్పెట్టగా నేను చూళ్ళేదు. పైకి రావాల్సొస్తేనే దానికి నెప్పి. పాపం గౌడెంజ్ మోకాలు, పాపం గౌడెంజ్ మోకాలు అని ఊరంతా జాలిపడుతుంది. బాల్ట్సర్ గారు కొండ ఉడత కొవ్వుతో మందు చేయించి డబ్బా తెచ్చిచ్చాడు నీకు."

"మూత కూడా తియ్యలేదు దానికి. అలమరలో ఉంది. కనిపించినప్పుడల్లా తల కొట్టేసినట్టుంటుంది."

"పోలీసులు వచ్చినప్పుడైనా నిజం చెప్పాల్సింది."

"వాళ్ళ కాగితం మీద ముందు సంతకం పెట్టింది నువ్వు."

"నువ్వు వేలు పెట్టి చూపించిన చోటే పెట్టా. పైదాకా వెళ్ళాం, గుడిసె ఖాళీ, దారి ఖాళీ. ఆ మాట నమ్మి, అయితే సరస్సు వైపే పోయుంటాడని, కుక్కల్నేసుకుని ఐదు రోజులు సరస్సు దారంతా జల్లెడ పట్టారు. ఇటు ఒక్కడూ రాలేదు."

"ఆ ఐదు రోజులూ మంచు పడుతూనే ఉంది. ఎవరు రాగలిగేవాళ్ళు?"

"మొదటి రోజు రాగలిగేవాళ్ళు. మనమే తీసుకొచ్చేవాళ్ళం."

"ఇప్పుడనుకుని ఏం లాభం?"

"వాళ్ళమ్మాయి మెంగియా నీకు కూడా అక్రోటు కేకు తెచ్చిచ్చిందా?"

"తెచ్చింది. అంత తుఫానులోనూ మా నాన్న కోసం చూశారు మామా అని చేతులు పట్టుకుంది."

"తిన్నావా?"

"కోళ్ళకేశా. నువ్వు?"

"పిల్లలు తిన్నారు. నేను వాకిట్లోకెళ్ళి నిలబడ్డా, వాళ్ళు తినడం అయ్యేదాకా."

"ఆ పిల్ల కంట పడకుండా ఈ చలికాలమంతా ఎలా గడిపానో నాకు తెలుసు."

"అయితే ఇప్పుడు పడతావు. కిందకి చూడు. నాలుగో మలుపు దగ్గర, ఎర్ర టోపీ."

"ఎవరది?"

"మెంగియా. దారి తెరిచే రోజు చెప్పమని నన్నడిగింది. నాన్న ఇష్టపడిన చోటు, గుడిసెలో కాసేపు కూర్చుని పోతానంది. పొద్దున గేటు దగ్గర బండెక్కమంటే ఎక్కలేదు. నడిచొస్తానంది."

"నువ్వు రమ్మన్నావా? నాకొక్క మాట చెప్పకుండా?"

"చెబితే నీ మోకాలు నొప్పెట్టేది."

"ఎంతసేపట్లో వస్తుంది?"

"అరగంట. పార తియ్యి, తలుపు తవ్వుదాం."

"నా వల్ల కాదురా. ఆయన లోపలుంటే?"

"ఉంటే, ఆమె కంటే ముందు మనం చూడాలి. పార తియ్యి బాబాయ్."

తలుపు సగం దాకా తవ్వాక ఎర్మెతె లోపలికి దూరాడు. గౌడెంజ్ బయటే ఉండిపోయాడు.

"ఏముందిరా? ఎర్మెతె. పలకవేంరా?"

"ఆగు. చీకటి. కళ్ళు అలవాటు పడాలి."

"ఉన్నాడా?"

"లేడు."

"బల్ల వెనకాల చూడు. దుప్పట్లెత్తి చూడు."

"చూశా. ఎవరూ లేరు."

"హమ్మయ్య. ఓరి దేవుడా, హమ్మయ్య. చూశావా, మనం చెప్పింది నిజమేరా. ఖాళీ అన్నాం, ఖాళీయే. మనం ఆ రోజు వచ్చినా ఇంతే, రాకపోయినా ఇంతే."

"పొయ్యి రాజేశాడు బాబాయ్."

"ఏంటీ?"

"పొయ్యిలో బూడిదుంది. కట్టెలు ఇంకా నడుమెత్తున ఉన్నాయి, మూడు నాలుగు రోజులకి ఢోకా లేదు. బిస్కట్ల డబ్బాలో సగం అలాగే ఉన్నాయి. బల్ల మీద మూడు కప్పులు."

"మూడెందుకు?"

"ఒక దాంట్లోనే టీ తాగిన మరకుంది. రెండు ముట్టుకోనివి. ఎవరి కోసం పెట్టుంటాడు?"

"చెప్పొద్దు. నాకు చెప్పొద్దు."

"మన కోసమే."

"మరి ఎందుకు పోయాడురా? వెచ్చగా ఉంది, తిండుంది. ఈ కనుమ సంగతి ఆయనకి మనకంటే బాగా తెలుసు. తెల్లారేదాకా కదలకుండా కూర్చుంటే బతికేవాడు కదా."

"అదే నాకూ అర్థం కావట్లేదు. మేకుకి వేలాడే లాంతరు లేదు. దాన్ని తీసుకెళ్ళినట్టున్నాడు."

"పుస్తకం?"

"బల్ల మీదే తెరిచి ఉంది. పోయినేటి మూసే రోజు పేజీ."

"మనం ఖాళీగా వదిలేసిన పేజీ."

"ఖాళీగా లేదు. పెన్సిలుతో రాసుంది. మన రాత కాదు."

"ఏం రాశాడు?"

"నేను చదవను. ఇది మొదట చదవాల్సింది మనం కాదు. బయటికొస్తున్నా, తప్పుకో. అడుగుల చప్పుడు, వచ్చేసింది ఆవిడ."

"గౌడెంజ్ మామా, ఈసారి మంచు చాలా ఉంది. మోకాలితో ఎలా పని చేశారో ఏమో. రెండు రోజులు ఆగి తీసినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు."

"రామ్మా. రా. అటు కాదు, ఇటు..."

"అది నాన్న సైకిలు."

"అవునమ్మా."

"ఇక్కడెలా ఉంది? మూసే రోజు మీరొచ్చినప్పుడు ఇది లేదా? ఎర్మెతె, నువ్వు చూళ్ళేదా?"

"మెంగియా, నేను చెప్తా. ఆ రోజు..."

"నువ్వాగరా ఎర్మెతె. పెద్దవాణ్ణి, నేను చెప్పాలి. మేం రాలేదమ్మా."

"ఎక్కడికి?"

"పైకి. మూసే రోజు. నేను సత్రంలో పేకాడుతూ కూర్చున్నా. వీడు ఇంట్లో ఉన్నాడు. ఫోన్లోనే అంతా అయిందనిపించాం. గుడిసె ఖాళీ అని చూడకుండానే రాసిచ్చాం."

"మీరు కుంటుకుంటూనైనా ఎక్కారని అందరూ..."

"మోకాలు బాగానే ఉందమ్మా. ఎప్పుడూ బాగానే ఉంది. నీ కేకు కోళ్ళకేశాను. తిట్టు. కొట్టు. ఇప్పుడే నీతో పాటు పోలీసుల దగ్గరికి దిగుతా."

"ఇద్దరం దిగుతాం. నేనూ సంతకం పెట్టా, మెంగియా."

"చలికాలమంతా నాన్న మీద కోపంగా ఉన్నాను మామా. కనుమకి పోతున్నా అని నాకు చెప్పి, సరస్సు వైపు పోయాడని. ముసలాడు చివరి రోజున నాతో అబద్ధమాడాడని. ఆయన ఫోటో కూడా గోడ మీంచి తీసేశాను. అబద్ధం మీ దగ్గర ఉంటుందని నాకొక్కసారీ తట్టలేదు."

"అమ్మా..."

"లోపల ఉన్నాడా?"

"లేరు. పొయ్యి రాజేసి, టీ కాచుకుని, తర్వాత వెళ్ళిపోయారు. ఎందుకెళ్ళారో తెలియట్లేదు. ఈ పుస్తకంలో రాశారు. మేం చదవలేదు. నువ్వు తీసుకో."

"నాన్న రాతే. ఎప్పుడూ ఇలాగే, బస్సు కుదుపులో రాసినట్టు."

"పైకి చదువమ్మా. నేను వినాలి."

"'సాయంత్రం ఐదు. గొలుసు తెగింది. పర్లేదు, ఈ రోజు గౌడెంజూ ఎర్మెతే ఎలాగూ వస్తారు, వాళ్ళ బండిలో దిగుతాను. ముగ్గురికీ టీ నీళ్ళు పెట్టాను.'"

"అంతేనా?"

"కింద ఇంకా ఉంది."

"చదువు."

"'ఏడు. ఇంకా రాలేదు. మంచు బాగా పడుతోంది. ఇన్నేళ్ళలో వీళ్ళు రాని మూసే రోజు నేనెరగను. దారిలో ఏదో అయింది. ఎర్మెతె చిన్నవాడు, ఎలాగో తట్టుకుంటాడు. గౌడెంజ్‌కి మోకాలు బాగోదు. లాంతరు పట్టుకుని ముందు అతన్ని వెతకడానికి వెళ్తున్నాను.'"