కోట మెట్లు ముందు దూకిందెవరు

కోట గోడ మీంచి రేవులోకి దిగే మెట్లను తాను ఎప్పుడో దూకేశానని బూషైబ్ అన్నది గొప్ప కోసం కాదు, భయం కొద్దీ. మిలూద్ చాయ్ కొట్టు ముందు, స్కేట్‌బోర్డు ఒళ్లో పెట్టుకుని కూచున్న నుహైలా, "ఈ పూటే బోర్డు మీద ఆ మెట్లు దూకుతాను" అనేసరికి అతని గుండె జారింది. నుహైలా అతని అక్క కూతురు. ఆ మెట్ల కింద పరిచింది నల్లరాయి. దాని మీద తల కొట్టుకుంటే ఇక లేవడమంటూ ఉండదు. వద్దంటే వినే పిల్లా కాదు.

అందుకని తమ ఆటలోని కట్టుబాటును అడ్డం వేశాడు. బోర్డు ఆడేవాళ్లలో ఒక చోటును ఎవరు ముందు దూకితే అది వాళ్లదే. రెండోవాడు ఎంత బాగా దూకినా ఎవరూ లెక్కలో వేసుకోరు, కెమెరావాడు వీడియో తియ్యడు. నుహైలా పేరు అచ్చేసి కొత్త స్కేట్‌బోర్డు అమ్మకానికి వేస్తామన్న బార్సిలోనా కంపెనీవాళ్లు కూడా ఎవరూ దూకని చోటు దూకి చూపిస్తేనే అన్నారు.

"అది నేను దూకేశానే, నువ్వు పుట్టకముందే," అన్నాడు బూషైబ్, చాయ్ ఊదుకుంటూ.

నుహైలా మొహం వాడిపోయింది. బోర్డు తీసి పక్కన పెట్టింది. అక్కడితో నోరు మూసుకుంటే ఎంత బాగుండేదో! కానీ మిలూద్ గ్లాసు నింపుతూ ఎలా దూకావేంటని అడిగాడు, బోర్డు కుర్రాళ్లంతా దగ్గరికి జరిగారు, బూషైబ్ నోటికేమో తాళం ఏనాడూ లేదు.

"ఎలా ఏముంది మిలూదన్నా, పొద్దున్నే పుదీనా చాయ్ తాగి వెళ్లాను, పైనుంచి తొంగి చూశాను, కాళ్లు వణికాయి, అబద్ధమెందుకు, మళ్లీ వెనక్కొచ్చి పరుగెత్తి దూకాను, కింద మోకాలు దోక్కుపోయింది, అంతే."

నమ్మదగ్గట్టుగానే ఉంది. అదే కొంప ముంచింది. మోకాలు దోక్కుపోయిందంటే బోర్డు మీంచి పడ్డట్టేగా మామయ్యా, పడితే దూకినట్టు కాదుగా అంది నుహైలా. ఆమె చెయ్యి మళ్లీ బోర్డు మీదికి పోయింది. బూషైబ్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"పూర్తిగా వినవే. పడింది మొదటిసారి. మర్నాడు మళ్లీ దూకాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి లేచింది, అలాంటిలాంటి గాలి కాదు, పడవల్ని తిరగేసే గాలి, నన్ను గోడకేసి కొట్టింది, నేనేం తక్కువ తిన్నానా, గోడకే చక్రాలు ఆనించి సర్రున జారాను, నిప్పురవ్వలు లేచాయి, కింద చేపలు కాల్చేవాడి పొయ్యి ఆ రవ్వలతోనే అంటుకుంది, కావాలంటే వాణ్ణే అడగండి, పోయాడనుకోండి, పాపం."

కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. నుహైలా నవ్వలేదు. గాలి ఎటునుంచి కొట్టిందని అడిగింది. బెదిరిన పిల్ల అడిగే మాట కాదది. ఎలా దూకాలో లెక్కేసుకుంటోందని బూషైబ్‌కి అర్థమైంది. ఇంతకింతా చెప్పి దీన్ని హడలగొట్టకపోతే లాభం లేదనుకున్నాడు. ఒకప్పుడు బోర్డుతో చిన్న గట్టు మీంచి పడి తన మోకాలు విరిగినప్పుడు వినబడిన చప్పుడు చెవిలోనే ఉంది, అది మాత్రం చెప్పలేకపోయాడు.

"మంచి గాలో చెడ్డ గాలో, అసలు సంగతి అది కాదు. ఆ మెట్లు మామూలువి కావు, మనిషి గాల్లో ఉండగా పెరుగుతాయి. నేను లేచేటప్పుడు మసీదులో మధ్యాహ్నం అజాన్ అయింది, ఇంకా గాల్లో ఉండగానే సాయంత్రం అజాన్ వినబడింది, ఆకలికి కళ్లు తిరిగాయి, బురుజు మీది కొంగ జాలిపడి తన పిల్లల చేప నాకు పెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద నల్లరాయి నోరు తెరిచింది, పళ్లతో సహా! ఎలా తప్పించుకున్నానో నాకే తెలీదు. ఆ దెబ్బతో బార్సిలోనావాళ్లు ఓడ వేసుకొచ్చారు, పారిస్‌లో నా పాత బూట్ల కోసం తలలు పగలగొట్టుకున్నారు, నా పేరుతో వేసిన బోర్డులు పేరిస్తే ఇక్కణ్ణుంచి స్పెయిన్‌కి నడిచిపోవచ్చు. అయినా ఇప్పటికీ ఆ మెట్లు కల్లోకొస్తే పక్క తడుస్తుంది."

కుర్రాళ్లు పొట్టలు పట్టుకున్నారు. మిలూద్ చాయ్ కెటిల్ కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

"ఒరే బూషైబ్, ఈ కొట్టు ఎప్పట్నుంచో ఆ మెట్లకి ఎదురుగానే ఉందిరా. నువ్వు దిగడం చూశాను. గోడ పట్టుకుని, పీతలా పక్కకి."

కొట్టు కొట్టంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువగా నవ్వింది నుహైలా.

"అయితే ఇంకా ఎవరూ దూకలేదన్నమాట," అంది, లేచి నిలబడి.

కుర్రాళ్లతో వచ్చిన కెమెరావాడు భుజాన సంచీ వేసుకున్నాడు. కుర్రాళ్లు బోర్డుల తోకలు నేలకేసి టకటకా కొట్టడం మొదలెట్టారు. ఎవరైనా పెద్ద సాహసానికి దిగితే వాళ్లు కొట్టే చప్పట్లు అవే. బూషైబ్ కుంటుకుంటూ వెళ్లి ఆమె చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"దూకాను తల్లీ. పడకుండా బోర్డు మీద నిలబడ్డాను కూడా. మీ అమ్మ మీద ఒట్టు, అది నాది, నీకు దక్కదు."

నుహైలా మెల్లిగా అతని చెయ్యి విడిపించుకుని కోట వైపు వెళ్లిపోయింది. బూషైబ్ రోడ్డు మధ్యలో నిలబడి, నేను దూకాను, నిజంగానే దూకాను అని ఒక్కొక్కరి మొహం చూసి చెప్పుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు చూసి జనం ఇంకా పెద్దగా నవ్వారు. ఇంతలో పైన కోట గోడ మీద చక్రాల చప్పుడు మొదలైంది.