నాలుగో మరుగుజ్జు

మిన్నెసోటాలో ఒక చర్చి కింద నేలమాళిగ. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర కట్టుకుని, పాచికలేసి కథ నడిపించుకునే ఆట ప్రతి శనివారం అక్కడ సాగుతుంది. ఆట నడిపేది సిగ్రిడ్. మిగతావాళ్లు రాకముందే ఆమె బాబాయి లోవెల్ దిగబడ్డాడు. కోపం మీదున్న మనిషి గనక కోటు విప్పలేదు; కాఫీ మాత్రం పోసుకున్నాడు.

"... ఆటలో గాడిద చచ్చిందని గంటసేపు ఏడ్చాడమ్మాయ్. ఆ గాడిద ఉందా? లేదు. చచ్చిందా? పుడితే గదా చావడానికి. కన్నీళ్లు మాత్రం అసలువి. చూశావా?"

"చూశాను బాబాయ్."

"ముక్కు కూడా చీదాడు."

"క్లేటన్ అంతేలే. ముందా కోటు విప్పు."

"విప్పను. అంతే అంటే ఎంత? స్కూలు బస్సు నడిపేవాడు బస్సు నడుపుకోవాలి. నాటకాలాడాలనుంటే హైస్కూల్లో స్టేజీ ఉంది, పోయి దొర్లమను."

"ఆ గాడిదని వాడి పాత్రకి వాళ్ల చెల్లెలు ఇచ్చింది బాబాయ్."

"చెల్లెలెక్కణ్ణించి ఊడిపడింది?"

"వాడు చెప్పాడుగా. నువ్వు కునుకు తీస్తున్నావు."

"కునుకు కాదు, కళ్లు మూసుకున్నా. వాడు పడవవాడితో కబుర్లు పెట్టుకుంటే మరేం చెయ్యను? పడవవాడి పెళ్లాం కులాసానా, పడవవాడి మోకాళ్లు ఎలా ఉన్నాయి... అదే నేనైతే?"

"గొడ్డలెత్తేవాడివి."

"ఎత్తేవాణ్ణి. పడవ మనదయ్యేది."

"పడవవాడు ఊరికే దాటించాడు కదా, క్లేటన్ మాటలకి."

"థూ. పాచిక వెయ్యకుండా ఏరు దాటడం కూడా ఒక దాటడమేనా? మీ నాన్న ఆట నడిపిన రోజుల్లో నేను కట్టిన మరుగుజ్జు ఒక్క వేటుకి డ్రాగన్ తల నరికితే, ఆ తల దొర్లుకుంటూ పోయి రెండో డ్రాగన్ని చంపింది."

"పోయినసారి రెండోది కుంటిదైందన్నావు."

"తర్వాత చచ్చిందిలే."

"ఏ మరుగుజ్జు? రెండోవాడా?"

"మూడోవాడు. రెండోవాడు గోతిలో పడి పోయాడు. ఇప్పుడున్నవాడు నాలుగోవాడు. పోయినప్పుడల్లా నేను ఏడ్చానా? కొత్తవాణ్ణి తెచ్చాను, పాత గొడ్డలే చేతిలో పెట్టాను, కూర్చున్నాను. అదీ ఆటంటే."

"ఒక్కడికీ పేరు పెట్టలేదేం?"

"కోడికి పేరు పెట్టినవాడు కూర తినలేడమ్మాయ్. మాట మార్చకు. వాడో నేనో, ఈ బల్ల దగ్గర ఒక్కరే ఉండాలి. అందర్నీ అడగమని పోయిన శనివారం ఫోన్లో చెప్పానా లేదా?"

"చెప్పావు. కాఫీ చల్లారిపోతోంది."

"అడిగావా?"

"ఇంతకీ, ఆ రోజు ఆట ఎగ్గొట్టి గడ్డకట్టిన చెరువు మీదికెళ్లావుగా. చేపలు పడ్డాయా?"

"పడ్డాయా అని అడుగుతావా? ఒకటి పడింది. మంచులో తొలిచిన కన్నంలో తల పట్టింది, ఒళ్లు పట్టలేదు. తోక కోసం ఇంకో కన్నం తొలిచాను. మళ్లీ మార్చావు మాట. నేను రాకపోతే ఆ పూట నా మరుగుజ్జు ఏమయ్యాడు?"

"రానివాళ్ల పాత్రని వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఆడాలి గదా. మన పద్ధతేగా."

"నేను పెట్టిన పద్ధతే. ఎవరాడారు?"

"ఎవరో ఒకరు..."

"సిగ్రిడ్."

"క్లేటన్."

"వాడా? నా వాణ్ణా? ఏడిపించే ఉంటాడు."

"ముందు నవ్వించాడు. మరుగుజ్జు సత్రంలో గొడ్డలి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. అదేం తలగడ నాయనా అని సత్రం ముసలమ్మ అడిగితే, ఇది తప్ప ఇంకేదీ నాది కాదన్నాడు."

"గొడ్డలి మీద తల పెడితే చెవి తెగుతుంది, వెధవకి అదీ తెలీదు."

"తెగిన చెవి చూపించాడు."

"నా మరుగుజ్జుకి రెండు చెవులూ ఉన్నాయి."

"నువ్వెప్పుడైనా చూశావా బాబాయ్?"

"... కానీ, చెప్పు."

"ముసలమ్మ పేరడిగింది. గొడ్డలి పిడి తడుముకున్నాడు. ఆఖరికి, నాలుగు, అన్నాడు."

"నాలుగా?"

"అదేం పేరన్నదామె. 'నా ముందు ముగ్గురున్నారమ్మా. వాళ్లనీ ఎవరూ పిలవలేదు' అన్నాడు. బల్ల దగ్గర ఐరీన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. పాస్టరు గారు కాసేపు బయటికి వెళ్లొచ్చారు."

"పాస్టరు, కుక్కపిల్ల తుమ్మినా ఏడుస్తాడు. ఐరీనా? మొగుడు పోయినప్పుడే ఏడవలేదే అది."

"ఏడ్చింది. నేనూ ఏడ్చాను."

"సిగ్గులేకపోతే సరి. మరి... ముసలమ్మ పేరు పెట్టిందా?"

"పెట్టింది."

"ఏమని?"

"నీకెందుకు బాబాయ్, కూరకి అడ్డం."

"నాకేం పని. ఊరికే అడిగా. ఓటు సంగతి తేల్చు. అడిగావా, లేదా?"

"అడిగాను. నువ్వన్నట్టే. ఒక్కరే ఉండాలట, ఎవరు కావాలి అని."

"చేతులెత్తారా?"

"అందరూ ఎత్తారు."

"మరి నసుగుతావేం? ముసలాణ్ణని మొహమాటపడకు. ఈ బల్ల మీ నాన్నా నేనూ కలిసి చేసింది. ఎవరికెత్తారు, వాడికా నాకా?"

"మరుగుజ్జుకి, బాబాయ్. నువ్వు వెళ్లేటప్పుడు వాణ్ణి మాత్రం ఇక్కడే వదిలి వెళ్లమన్నారు."