రాజుబాబు పుచ్చుకున్న తాంబూలం

అమ్మలారా, అయ్యలారా,

ఈ వానలో, ఈ రోజుల్లో, ఇంతమంది వచ్చారు. ముందు మీ అందరికీ దండం పెడుతున్నాను. సభ జరుపుకోవడానికి మనకు ఒక గంట ఇచ్చారు. నలభై ముగ్గురి పేర్లు రాసి వార్డు ఆఫీసుకు ఇచ్చాను. వెనక బెంచీ మీద కూర్చున్న ఆ ఆఫీసు మనిషి ఊ తాన్ మౌంగ్ గారు ఆ కాగితం చేత్తో పట్టుకుని తలలు లెక్కపెట్టుకున్నారు కూడా. ఆయనకు నమస్కారం. ఆయనకు తెలుగు రాదు. తెలుగు వచ్చి, నేనేం మాట్లాడానో రేపు పొద్దున్నే ఆయనకు బర్మా భాషలో అప్పజెప్పేవాళ్ళు ఈ హాల్లో ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ళకూ నమస్కారం. చెప్పండి నాయనా, ఒక్క ముక్క వదలకుండా చెప్పండి. ఈ వయసులో నాకు కలిసొచ్చేదీ లేదు, పోయేదీ లేదు.

మనం ఎవరి కోసం చేరాం? ఐరోపాలో, ఉత్తరాన సముద్రం పక్కన, మన గంజాం జిల్లా అంత రాజ్యం ఒకటి ఉంది. ఆ దేశపు రాజుగారి తమ్ముడు ప్రిన్స్ ఆన్‌స్గార్ గారు కిందటి నెలలో కాలం చేశారు. అరవై ఒక్క ఏళ్ళు. ఊపిరితిత్తుల జబ్బు. పజుండౌంగ్‌లో రామమందిరం వెనకున్న మన కుష్ఠు వైద్యశాలకు పదకొండేళ్ళుగా ఆయన పోషకులు. ఆ పేరు మనవాళ్ళ నోరు తిరగక రాజుబాబు అన్నారు. నేనూ అలాగే అంటాను, ఏమీ అనుకోకండి.

నన్ను ఎరగనివాళ్ళు ఇక్కడ తక్కువ. నా పేరు ధర్మారావు. మనకొక తెలుగు బడి ఉన్న రోజుల్లో అందులో మాస్టర్ని. బడి చేజారాక ఈ వైద్యశాలకు కార్యదర్శిని. ఈ వేళ నేను ఆ మహానుభావుడి గురించి మంచి మాటలు చెప్పి ఊరుకోవడానికి నిలబడలేదు. నేను ఆయనకు ఒక ద్రోహం చేశాను. అది చెప్పకుండా ఆయన మంచితనం మీకు అర్థం కాదు.

ఎనభై నాలుగు జనవరి. కుష్ఠు నివారణ సంఘం తరఫున ఆయన రంగూన్ వచ్చారు. ఇప్పుడు యాంగోన్ అనాలట, నాకు నోట రాదు. మన వైద్యశాలకు ఇరవై రెండు నిమిషాలు కేటాయించారు. కారు దిగడానికి రెండు, దండకు ఒకటి, ప్రసంగానికి నాలుగు, ఇలా నిమిషం నిమిషం అచ్చువేసిన కాగితం నాకు ముందు రోజే అందింది. ఆయన కుడి పక్కన ఇక్కడి సర్కారు ఆఫీసర్లు ఇద్దరు, ఎడమ పక్కన ఇంగ్లీషు తెలిసినవాణ్ణని నేను.

ఆయన ఏం మాట్లాడారో తెలుసా? రోగుల ముందు స్టూలు వేసుకుని కూర్చుని అన్నారు: “నేను రాజు కొడుకునే గాని నాకు ఏ అధికారమూ లేదు. మా దేశంలో చట్టం చెయ్యలేను. ఓటు వెయ్యను. ఏ ప్రభుత్వం మంచిదో ఏది చెడ్డదో బయట అనకూడదు. పిలిచిన చోటికి వెళ్ళడం, చెప్పింది వినడం, అడిగితే నా పేరు ఇవ్వడం. ఇదే నా ఉద్యోగం.” నేను తెలుగులో చెప్పాను. కట్లు కట్టే మన లింగరాజు ఆగలేక, “ఓటు లేదు, నోరు లేదు, మరైతే ఈయనా మనలాటోడే గదేటి మాస్టారూ” అన్నాడు. అందరూ నవ్వారు. అది మాత్రం నేను ఇంగ్లీషులో చెప్పలేదు.

అప్పుడు అప్పలమ్మ లేచింది. అదిగో, వరండాలో కూర్చుంది చూడండి. అవును, రోగులను వరండాలోనే కూర్చోబెట్టాం. వాళ్ళు లోపల కూర్చుంటే మేం రామని మీలో కొందరు అన్నారు. వాన జల్లు కొడుతోంది వాళ్ళ మీద. కొట్టనివ్వండి, దానికి వాళ్ళు అలవాటు పడ్డారు.

అప్పలమ్మ పుట్టింది టెక్కలి పక్కన. జమీందారులున్న ఊళ్ళ నుంచి వచ్చిన మన పాతవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. మన చేతి తాంబూలం రాజు పుచ్చుకున్నాడంటే మన మొర విన్నట్టు, మాట ఇచ్చినట్టు. ఇక వెనక్కి పోవడానికి లేదు. ఆమె వేళ్ళు లేని రెండు చేతుల మధ్య ఆకూ వక్కా పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది. నిలబడి చెప్పింది: “నాలుగు తావుల నుంచి లేపీసినారు బాబూ మమ్మల్ని. ఇక్కడ్నుంచి లేపనీకు. నువ్వు రాజువి. ఇదిగో, పుచ్చుకో.”

ఆయన నా వైపు చూశారు, ఏమంటోందని. ఆఫీసర్లూ నా వైపే చూశారు.

అమ్మలారా, అయ్యలారా, నేను ఏం చెప్పానో వింటారా? “మీరు నిండు నూరేళ్ళు బతకాలని దీవిస్తోంది” అని చెప్పాను. అక్షరాలా అదే. ఇద్దరు ఆఫీసర్ల ముందు, “వీళ్ళను ఎవరో లేపేస్తున్నారు” అని చెప్పడానికి నా నాలుక మడత పడిపోయింది. నాకూ పెళ్ళికి ఎదిగిన కూతురుంది అనుకున్నాను. నాకూ గుర్తింపు కార్డు ఉంది, దాని మీద నంబరు ఉంది అనుకున్నాను. ఆ ఆకు అర్థమేమిటో కూడా చెప్పలేదు.

ఆయనకేం తెలుసు? ఈ దేశంలో సందు సందుకీ కూన్‌యా కిళ్ళీ బడ్డీ ఉంది కదా, ఆకు నమలడం ఇక్కడి మర్యాద అని ఆయనకు ఎవరో చెప్పి ఉంటారు. చెయ్యి చాపి, ఆ మొండి చేతుల నుంచి ఆకు తీసుకుని, నోట్లో పెట్టుకుని నమిలారు. పక్కనున్న ఆఫీసరు ఒక అడుగు వెనక్కి వేశాడు. మనలో ఎంతమందిమి అప్పలమ్మ చేతి మీదుగా మంచినీళ్ళయినా తాగాం? నేను తాగలేదు, పదకొండేళ్ళుగా కార్యదర్శినయినా. ఆయన తాంబూలం తిన్నారు. వైద్యశాల మొత్తం బావురుమంది. ఆయన కంగారుపడి, తప్పేమైనా చేశానా అని నన్ను అడిగారు. లేదండీ, సంతోషం అన్నాను.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. నేను కనిపిస్తే చాలు అప్పలమ్మ అడిగేది: “రాజుబాబు కాడ్నుంచి కబురేటి? ఆకు పుచ్చుకున్నాడు గదా, మాట తప్పుతాడేటి?” రెండేళ్ళు తప్పించుకు తిరిగాను. మూడో ఏడు ఇక ఉండబట్టలేక ఆయనకు ఉత్తరం రాశాను. ఆమె నిజంగా అడిగింది ఇదీ, ఆ ఆకు అర్థం ఇదీ, నేను భయపడి మార్చి చెప్పాను, మీ తప్పేమీ లేదు, మీరేమీ చెయ్యనక్కర్లేదు, నన్ను క్షమించండి అని.

ఆయన జవాబు రాశారు. నాకు కంఠతా వచ్చు. “ఆ ఆకు అర్థం నాకు తెలియదు. కానీ తీసుకున్నది నా చెయ్యే కదా. అధికారం లేదని మీకు ముందే చెప్పాను. ఉన్నది పేరు ఒక్కటే. దాంతో ఎంత దూరం పోగలనో చూస్తాను. మీరు భయపడినందుకు సిగ్గుపడకండి, మళ్ళీ భయపడితే మాత్రం నాకు త్వరగా రాయండి.”

తొంభై మూడులో మొదటి నోటీసు వచ్చింది. స్థలం కావాలి, ఖాళీ చెయ్యండి, రోగులకు నది అవతల చోటిస్తాం అని. ఆ చోటు నేను వెళ్ళి చూశాను. మోకాటి లోతు నీళ్ళలో వరిచేను. నూతి ఆనవాలు లేదు. ఈసారి త్వరగానే రాశాను. ఆయన ఏం చేశారు? అరవలేదు, తిట్టలేదు, ఆయనకు ఆ హక్కు లేదు. వాళ్ళ ఎంబసీ ద్వారా ఇక్కడి సర్కారుకు ఒక్క వాక్యం పంపారు: “వచ్చే ఏడాది మా వైద్యశాల చూడటానికి రావాలనుకుంటున్నాను, అది అదే చోట ఉంటుంది కదా?” అంతే. నోటీసు అటకెక్కింది.

కానీ ఆ వాక్యానికి ఆయన చెల్లించుకున్నది మనకెవరికీ తెలియదు. ఎంబసీ గుమాస్తా కనకరత్నం తర్వాత చెప్పాడు. రాకుమారుడు పరాయి దేశపు వ్యవహారంలో వేలు పెట్టాడని వాళ్ళ పేపర్లు ఏకిపారేశాయట. వాళ్ళ మంత్రులు పిలిచి మందలించారట. ఆయన చేతిలో ఉన్న సంఘాలు సగం తీసేసి బంధువులకు పంచారట. రాజుగారి తమ్ముణ్ణి! ఒక్కసారి చూసిన అప్పలమ్మ కోసం! ఏం, ఆ ఆకు గురించి ఎవరు అడిగేవారు ఆయన్ని? తెలియక తిన్నానంటే సరిపోయేది కదా?

ఆఖరి ఉత్తరం మార్చిలో వచ్చింది. ఆస్పత్రి నుంచి, వేరేవాళ్ళ చేతిరాత. “నా తర్వాత మీ వైద్యశాలకు పోషకుడిగా పేరు ఇమ్మని మా అన్నగారి కొడుకును అడిగాను. ఆయనకు వేరే సంస్థలు ఉన్నాయి. మా చెల్లెల్ని అడిగాను. కుదరదంది. ఇక అడగడానికి నాకు ఎవరూ లేరు. క్షమించండి.” ఆ కాగితం చదివి నేను పసిపిల్లాడిలా ఏడ్చాను. చచ్చిపోతున్న మనిషి ఇల్లిల్లూ తిరిగి మన కోసం పేర్లు అడిగాడు.

ఆయన పోయిన కబురు మనకు అందిన ఆరో రోజున నోటీసు మళ్ళీ వచ్చింది. ఈ నెలాఖరులోగా ఖాళీ చెయ్యాలి. ఇంకా పదకొండు రోజులున్నాయి. ఇరవై ముగ్గురు రోగులు. అందులో తొమ్మిది మంది నడవలేరు. ఈ వానల్లో ఆ నీళ్ళ మధ్య పడేస్తే ఎంతమంది దసరా చూస్తారు? మీరే చెప్పండి.

టౌన్‌షిప్ ఆఫీసుకు అర్జీ పెట్టుకోవచ్చు అన్నారు. పదిమంది గృహస్థులు సంతకం చెయ్యాలి, కార్డు నంబర్లు వెయ్యాలి. రెండు వారాలు ఆ కాగితం పట్టుకుని పజుండౌంగ్ తిరిగాను, మింగళ తౌంగ్‌న్యున్ తిరిగాను, చిమిండైంగ్ బజారులో కొట్టు కొట్టూ ఎక్కాను. కాఫీ ఇచ్చారు. గొడుగు ఇచ్చారు. “పిల్లలున్నారు మాస్టారూ” అన్నారు. “అరవై నాలుగులో మనోళ్ళందర్నీ ఓడలెక్కించి ఇండియాకి తోలేసిన రోజులు మర్చిపోయినారేటి” అన్నారు. “పచ్చకార్డుగాణ్ణి, సగం పౌరుణ్ణి, నా సంతకం ఏటికండీ” అన్నారు. ఆ కాగితం మీద ఈ పూటకు రెండే పేర్లున్నాయి. నాదీ, లింగరాజుదీ.

మిమ్మల్ని తిట్టడానికి నాకు నోరెక్కడిది? భయమంటే ఏమిటో నాకు మీరు చెప్పక్కర్లేదు. నిలువెల్లా భయపడి, ఒక ముసలిదాని మొరను దీవెనగా మార్చేసినవాణ్ణి నేను. పాపం, ఆ దీవెనైనా ఫలించిందా? నూరేళ్ళన్నాను, అరవై ఒకటికే పోయాడు. ఇప్పుడు మనకు ఏ రాజూ లేడు. ఏ ఎంబసీ నుంచీ ఏ వాక్యమూ రాదు. నిజం చెబుతున్నాను, ఈ అర్జీ వల్ల పని జరుగుతుందన్న ఆశ కూడా నాకు పెద్దగా లేదు. పదిమందిమి సంతకం చేసినా, రోగులను తీసుకెళ్ళి నీళ్ళలో పడేస్తారేమో. అయినా ఇంకేం చెయ్యను? మీరే చెప్పండి, ఇంకేం చెయ్యమంటారు?

గంట కావస్తోంది. ఊ తాన్ మౌంగ్ గారు గడియారం చూసుకుంటున్నారు. దయచేసి అందరూ లేవండి. ఆ పుణ్యాత్ముడి కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. వరండాలో ఉన్నవాళ్ళు లేవలేకపోతే కూర్చునే ఉండండి, తప్పులేదు.

ఒక్క మాట. రెండు నిమిషాలయ్యాక కూర్చోండని నేను అనను. కూర్చోవాలనుకున్నవాళ్ళు కూర్చోవచ్చు, నేను చూడను, కళ్ళు మూసుకునే ఉంటాను. సంతకం పెట్టేవాళ్ళు మాత్రం నిలబడే ఉండండి. ఎనిమిది మంది కావాలి. మీరు కూర్చునే చప్పుడు పూర్తిగా ఆగిపోయాక కళ్ళు తెరుస్తాను. అప్పటికి ఎవరూ నిలబడి లేకపోతే, వరండాలోకి వెళ్ళి అప్పలమ్మకు ఆ మాట నేనే చెబుతాను. ఈసారి మార్చకుండా చెబుతాను.

లేవండమ్మా. లేవండి బాబూ.