బట్ట కత్తెర

భార్య చొక్కా గుడ్డ కత్తిరించబోయి ఆగింది. మిషను పక్క స్టూలు మీద భర్త ఫోను చూసుకుంటూ మురిసిపోతున్నాడు.

“ఈ కత్తెర తెగట్లేదేంటి? దీంతో ఏం కోశావు?”

“ముందు ఇది విను. మన క్రెడిట్ స్కోరు పెరిగింది. షాపు గదికి బ్యాంకువాళ్లు లోను ఇస్తామన్నారు.”

“పోయినసారి కాదన్నారుగా. ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టలేదు మొర్రో అన్నా వినలేదు.”

“వాయిదాలు కట్టడం ఒక్కటే చాలదట. తాకట్టు లేని అప్పు ఎంతుందో కూడా చూస్తారట. మనమేమో కార్డు చివరిదాకా వాడేశాం, పైగా పర్సనల్ లోను. పీకల్లోతు మునిగామనుకున్నారు.”

“అందుకా నీ ఓవర్‌టైం డబ్బు ఇంటికి రానిది? ఎవరింటికి పోతోందా అని కుమిలిపోయాను.”

“ఎవరింటికి అనుకున్నావేంటి?”

“ఇప్పుడెందుకులే. మొత్తం తీర్చేశావా?”

“లోను కొంచెం ఉంది. కార్డు మాత్రం పూర్తిగా కట్టేశా. మళ్లీ గీకకుండా ముక్కలు కూడా చేసేశా.”

“దేంతో?”

“చేతికి అదే దొరికింది మరి.”

“నా బట్ట కత్తెరతో ప్లాస్టిక్కు కోశావా? కాగితం కూడా తగలనివ్వనే దానికి.”

“పొరపాటే. పైగా కార్డు మూసెయ్యక్కర్లేదట. కొద్దిగా వాడి, వెంటనే కట్టేస్తుంటే స్కోరుకి మంచిదన్నారు. కొత్తది పంపుతున్నారు.”

“బాగుంది. నీ కార్డు మళ్లీ వస్తుంది, నా కత్తెర పోయింది.”

“కొత్తది కొనిస్తాలే. కార్డు గీకను, డబ్బిచ్చే కొంటా. ఇంతకీ ఎవరింటికి అనుకున్నావో చెప్పలేదు.”

“ముందు దీన్ని సాన పట్టించుకురా. అప్పుడు చెప్తా.”